ఓడినవాడికే ఓర్పు పాఠాలా?

పోకర్‌లో మనిషిని ముంచేది పేక కాదట, కోపమట. ఈ మాట ఇప్పుడు సామెత అయి కూర్చుంది. నిషేధం రాకముందు, పోకర్ యాప్‌లు నడిచినన్నాళ్లూ యాప్‌లే చెప్పాయి. యూట్యూబ్‌లో ఆట నేర్పేవాళ్లు ఇప్పటికీ చెప్తున్నారు. హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్ బజారులో మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక బస్తాలకు ఆనుకుని ఫోన్ తీసే కుర్రాళ్లూ, వాళ్లకు బుద్ధి చెప్పబోయే పెద్దలూ ఇదే అంటున్నారు. ఇంతమంది నోట ఒకే మాట వస్తోందంటే దాన్ని తూకం వేసి చూడాల్సిందే.

ముందు వాళ్ల వాదాన్ని వాళ్ల తరఫునే చెప్తాను. పోకర్ మట్కా కాదు, లాటరీ కాదు. చేతిలో రెండు పత్తాలు, బల్ల మీద ఐదు. ఎప్పుడు పందెం పెంచాలి, ఎప్పుడు వదిలెయ్యాలి, ఎదుటివాడు దేనికి జంకుతున్నాడు అన్నదంతా లెక్క, పరిశీలన. అయితే ఒక్కో పూట అదృష్టం అడ్డం తిరుగుతుంది. మంచి పత్తాలు పట్టుకుని కూడా చిట్టచివరి పత్తాకి ఓడిపోతాం. అది బ్యాడ్ బీట్. అలా వారాల తరబడి సాగితే డౌన్‌స్వింగ్. ఆ చిరాకులో కళ్లు మూసుకుని పందేలు కాస్తే టిల్ట్. దీనికి మందు: లేచి నీళ్లు తాగు, నాలుగు సార్లు గట్టిగా ఊపిరి పీల్చు, రోజుకు ఇంతే అని గీత గీసుకో, ఉన్న డబ్బులో చిన్న ముక్కే టేబుల్ మీద పెట్టు, ఫలితం చూడకు, నీ నిర్ణయం సరైనదా కాదా అదొక్కటే చూడు. ఓపిక పడితే లాంగ్ రన్‌లో నైపుణ్యానిదే గెలుపు. గంజ్‌లో దీనికి ఇంకో తోక తగిలించారు. వ్యాపారంలో నష్టం రాదా? పసుపు రేటు పడిపోయిన రోజున సేట్ షట్టర్ దించుకుని ఏడుస్తాడా?

ఇందులో అబద్ధం చాలా తక్కువ, అందుకే ఇది అంత సులువుగా నమ్మిస్తుంది. పోకర్‌లో నైపుణ్యం ఉన్న మాట నిజం. కోపంతో ఆడేవాడు తొందరగా ఓడతాడన్నదీ నిజం. కాని "కోపంతో ఆడితే తొందరగా పోతుంది" అన్నదాంట్లోంచి "శాంతంగా ఆడితే వస్తుంది" అన్నది ఎలా పుట్టింది? శాంతంగా ఆడితే నెమ్మదిగా పోతుంది అన్నంత వరకే అది రుజువు చేస్తుంది. మిగతాది ఎవరో కలిపిన సరుకు. ఎవరు కలిపారో, ఎవరి లాభానికి కలిపారో వరసగా చూద్దాం.

1. లాంగ్ రన్ ఎంత దూరం?

గంజ్‌లో ధనియాలూ పసుపూ అమ్మే దుకాణంలో లెక్కలు రాసే కుర్రాడొకడు ఆ మధ్య నాకు ఫోన్ చూపించాడు. అయిపోయిన ఆటని మళ్లీ మొదట్నుంచి ఆడించి చూపిస్తోంది తెర. వీడి దగ్గర రెండు ఆసులు, అవతలివాడి దగ్గర రెండు రాజులు. ఇద్దరూ ఉన్నదంతా ముందుకు తోసేశారు. నాలుగు పత్తాలు పడేదాకా వీడిదే పైచెయ్యి. ఐదోది రాజు. "చూడన్నా, నేనేం తప్పు ఆడిన?" అంటూ ఆ రాజు మీద వేలు పెట్టాడు. తెర మీద పసుపు మరక పడింది.

వాడు తప్పేమీ ఆడలేదు. రెండు ఆసులు రెండు రాజుల్ని నూటికి 82 సార్లు గెలుస్తాయి. మిగతా 18 సార్లు ఓడతాయి, అంటే ఐదారు సార్లకు ఒకసారి. వరసగా మూడుసార్లు ఇలాగే ఓడిపోవడం కూడా సుమారు 170కి ఒకసారి జరిగేదే. ఇందులో శకునమూ లేదు, శనీ లేదు.

మారిందల్లా వేగం. బల్ల చుట్టూ కూర్చుని నిజం పత్తాలతో ఆడితే గంటకు పాతికో ముప్పైయో ఆటలు తెమిలేవి. ఫోన్‌లో ఒక్క టేబుల్ మీదే అరవై డెబ్బై అవుతాయి. నాలుగు టేబుళ్లు తెరిస్తే రెండున్నర వందలు దాటతాయి. పాతకాలపు ఆటగాడికి వారంలో తగిలే దెబ్బలు ఈ కుర్రాడికి ఒక్క రాత్రిలో తగులుతున్నాయి. పైగా ఆ పాతాయన మధ్యమధ్యలో పత్తాలు కలుపుతూ, చాయ్ తాగుతూ, ఎదుటివాడి మీద నాలుగు విసుర్లు విసిరేవాడు. వీడికి ఆ వ్యవధి లేదు. కొత్త పత్తాలు అప్పుడే పడుతున్నాయి.

ఇప్పుడు లాంగ్ రన్ సంగతి. ఆటాటకీ వంతులవారీగా ఒకరు తప్పనిసరిగా కట్టాల్సిన పెద్ద పందేన్ని బిగ్ బ్లైండ్ అంటారు. నూరు ఆటలకు సగటున 5 బిగ్ బ్లైండ్లు మిగుల్చుకునేవాడు గట్టి ఆటగాడి కిందే లెక్క. అయితే అదే నూరు ఆటల్లో పైకీ కిందికీ ఊగే ఊపు సుమారు 90 బిగ్ బ్లైండ్లు ఉంటుంది. ఈ రెండంకెలతో లెక్క కట్టండి. 10,000 ఆటలు ఆడాక కూడా అలాంటి గట్టివాళ్లు పదిమందిలో దాదాపు ముగ్గురు నష్టంలోనే ఉంటారు. గంటకు 70 ఆటలు, రాత్రికి రెండు గంటలు అనుకుంటే ఆ 10,000 ఆటలకు డెబ్బై రాత్రులు పడుతుంది.

ఇదే లెక్కని తిరగేస్తే అసలు రంగు కనిపిస్తుంది. నూరు ఆటలకు 2 బిగ్ బ్లైండ్లు పోగొట్టుకునేవాణ్ని తీసుకోండి. వాడు ఎంతకాలం ఆడితే అంత పోగొట్టుకునే మనిషి. అలాంటివాళ్లు పదిమంది డెబ్బై రాత్రులు ఆడితే, చివర్న నలుగురు లాభంలో ఉంటారు! లక్ష ఆటల దాకా వెళ్లినా నలుగురిలో ఒకరు ఇంకా లాభంలోనే ఉంటారు. లక్ష ఆటలంటే రాత్రికి రెండు గంటల చొప్పున దాదాపు రెండేళ్లు. ఆ రెండేళ్లూ వాడు తన మీద తనకున్న నమ్మకాన్ని పెంచుకుంటూనే ఉంటాడు. ఓడినప్పుడు బ్యాడ్ లక్ అంటాడు, గెలిచినప్పుడు నైపుణ్యం అంటాడు. ఓపిక పడితే తేలుతుందన్న మాట వాణ్ని అక్కడే కూర్చోబెడుతుంది. తేలేసరికి పెళ్లి ఖర్చుకని దాచింది పోతుంది.

2. ఫలితం చూడొద్దంటే ఇంకేం చూడాలి?

పోకర్ గురువుల మాటల్లో అన్నిటికన్నా గౌరవంగా వినిపించేది ఇది: ఫలితం గురించి బాధపడకు, నిర్ణయం సరైనదైతే చాలు. భగవద్గీత చదువుతున్నట్టు తలలూపుతాం.

ఆ నిర్ణయం సరైనదని చెప్పేదెవరు? ఆడినవాడే. ఆట సరిగా రానివాడికి తన తప్పు తప్పుగా కనిపించదు, కనిపిస్తే వాడు దాన్ని చెయ్యడు. వాడి తీర్పుకి బయటినుంచి ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం జేబు. ఆ సాక్షినే నమ్మొద్దంటున్నారు. గల్లా లెక్క తేలని గుమాస్తా "లెక్క చూడకండి, నేను రాసిన పద్ధతి చూడండి" అంటే ఏ సేట్ ఊరుకుంటాడు?

లక్షల ఆటలు ఆడి, వాటినన్నిటినీ సాఫ్ట్‌వేర్‌లో పోసి తప్పులు ఏరుకునే వృత్తి ఆటగాడికి ఈ సలహా పనికొస్తుంది, కాదనను. వాడి సలహాని దుకాణం కట్టేశాక మంచం మీద పడుకుని ఆడేవాడి చేతిలో పెట్టడమే తప్పు.

3. గంజ్ పోలిక గంజ్‌లోనే నిలవదు

ఇక పసుపు రేటు సంగతి. నిజామాబాద్ నుంచి పసుపు తెప్పించుకున్న సేట్‌కి రేటు పడిపోతే నష్టం వస్తుంది, నిజమే. కాని బస్తాలు గోదాములోనే ఉంటాయి. నెల ఆగొచ్చు. తక్కువకి అమ్మినా ఎవరింట్లోనో అది కూరలో పడుతుంది. అమ్మినవాడికి డబ్బు, కొన్నవాడికి సరుకు, మధ్యలో దలాలీ తీసుకున్నవాడికి కూలి. ఆ దలాలీ కొత్తగా పుట్టిన విలువలోంచి వచ్చింది. అందుకే ఒక ఏడాది దెబ్బ తిన్నా ఇంకో ఏడాదికి గంజ్ మొత్తం లాభంలో ఉండగలదు.

పోకర్ టేబుల్ మీద కొత్తగా పుట్టేది ఏమీ లేదు. ఆరుగురు తెచ్చిందే అక్కడుంటుంది, దాంట్లోంచి నిర్వాహకుడు కోసుకుంటాడు. ఆ కోతని రేక్ అంటారు, గెలిచిన కుప్పలో సుమారు 5 శాతం. వినడానికి చిన్నది. ఒక లెక్క వేసుకుందాం. ఆరుగురూ తలా ₹2,000 తెచ్చారు, మొత్తం ₹12,000. గంటలో డెబ్బై ఆటలు జరిగితే నలభై ఆటల్లో రేక్ పడిందనుకోండి, కుప్ప సగటున ₹150 అనుకోండి. ఒక్కో ఆటకు ₹7.50, గంటకు ₹300. నలభై గంటలు తిరిగేసరికి ₹12,000 కాస్తా నిర్వాహకుడి ఖాతాలో చేరిపోతుంది. రాత్రికి రెండు గంటలైతే ఇరవై రాత్రులు. ఆరుగురూ సమాన నైపుణ్యం ఉన్నవాళ్లయితే, ఆరుగురూ బుద్ధుడంత శాంతంగా ఆడితే, ఆరుగురూ ఖాళీ. మళ్లీ డబ్బు వేస్తేనే ఆట సాగేది.

దీనికి పన్ను తోడయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి నికర గెలుపు మీద 30 శాతం మూలంలోనే కోత. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి ఆటలో జమచేసిన డబ్బు మీద 28 శాతం జీఎస్టీ వేశారు. కొన్ని కంపెనీలు ఆ నొప్పి తెలియకుండా బోనస్ పాయింట్లు పూశాయి, ఆ పాయింట్ల కోసం ఇంకాస్త ఎక్కువ ఆడాల్సి వచ్చింది.

ఇన్ని కోతల తర్వాత కూడా మిగుల్చుకోవాలంటే పక్కవాడికన్నా కాస్త బాగా ఆడితే సరిపోదు, చాలా బాగా ఆడాలి. అంత బాగా ఆడేవాడికి ఎదురుగా చాలా అధ్వానంగా ఆడేవాళ్లు కూర్చోవాలి, కూర్చుని ఉండాలి. ఓర్పు పాఠం పుట్టింది ఇక్కడే. ఓడేవాడు విసుగొచ్చి లేచిపోతే టేబుల్ ఆగిపోతుంది. టేబుల్ చుట్టూ ఎప్పుడూ టిల్ట్ కానివాడు ఒక్కడే ఉన్నాడు. వాడికి పత్తాలు పంచరు.

4. కోర్టులో నైపుణ్యం, టేబుల్ దగ్గర దురదృష్టం

ఈ వాదానికి చట్టపరమైన పుట్టిల్లు మన జంటనగరాల్లోనే ఉంది. 1963లో సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు పడ్డారు. రమ్మీ ఆడుతున్నవాళ్లనీ, క్లబ్ నడిపేవాళ్లనీ పట్టుకున్నారు. కేసు పెట్టింది నిజాం కాలంనాటి జూద చట్టం కింద, ఫసలీ 1305లో వచ్చినది. మేజిస్ట్రేట్ శిక్ష వేశాడు, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా లాగింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది, రాసింది జస్టిస్ హిదయతుల్లా. మూడు ముక్కలాట వట్టి అదృష్టమనీ, రమ్మీ అలా కాదనీ, ఏ పత్తా పడిందో గుర్తుపెట్టుకోవడంలో, ఏది ఉంచుకుని ఏది వదలాలో తేల్చుకోవడంలో నేర్పు కావాలనీ కోర్టు అంది. ప్రభుత్వం ఓడిపోయింది.

అప్పట్నుంచి పేకాట కంపెనీల వకాల్తాలన్నీ ఈ తీర్పుని నెత్తిన పెట్టుకున్నాయి. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం ఎవరూ ఊరేగించరు. డబ్బు కాసి ఆడే ఆట మీద క్లబ్ యజమాని లాభం గడిస్తున్నట్టు సాక్ష్యం ఉంటే నేరం నిలబడవచ్చని కోర్టు స్పష్టంగా అంది. రేక్ అంటే అదేగా?

పోకర్ విషయంలో కోర్టులు ఒక దారిన లేవు. 2017 డిసెంబరులో గుజరాత్ హైకోర్టు దాన్ని జూదమే అంది. 2023 నవంబరులో మద్రాస్ హైకోర్టు, తమిళనాడు చట్టం రమ్మీనీ పోకర్‌నీ అదృష్టపు ఆటల జాబితాలో చేర్చడాన్ని కొట్టేసింది. కంపెనీలు మాత్రం ఎక్కడికెళ్లినా ఒకటే పాట పాడాయి: ఇది నైపుణ్యం, నైపుణ్యం, నైపుణ్యం.

కోర్టు మెట్లు దిగి ఓడినవాడి దగ్గరకొచ్చేసరికి పాట మారుతుంది. బ్యాడ్ లక్ బ్రో, ఇవాళ నీ రోజు కాదు, రేపు చూద్దాం.

ఈ రెండు నాలుకల్ని పక్కపక్కన పెట్టి చూడండి. పోకర్‌లో నైపుణ్యానిదే పెద్దపీట అయితే, నెలల తరబడి ఓడుతున్నవాడికి నైపుణ్యం లేదనే అర్థం. వాడికి నిజాయితీగా చెప్పాల్సింది "నీకు ఆట రాదు, లే" అని. అదృష్టానిదే పెద్దపీట అయితే అది జూదం. అప్పుడు చెప్పాల్సింది "ఇది జూదం, లే" అని. ఏ కొమ్మ పట్టుకున్నా చేరేది ఒక చోటికే. "ఓపిక పట్టు, కూర్చో" అన్న సలహా ఏ కొమ్మకీ కాయదు. అది కాయాలంటే ఓడినవాడు ఒకే సమయంలో నైపుణ్యం ఉన్నవాడూ దురదృష్టవంతుడూ అయి ఉండాలి. కోట్లమంది ఓడేచోట అందరూ అలాంటివాళ్లే అంటే ఎవరు నమ్ముతారు? కంపెనీ నమ్మించింది.

హైదరాబాద్‌కి ఇందులో ఇంకో తమాషా ఉంది. ఏ23 రమ్మీ నడిపిన హెడ్ డిజిటల్ వర్క్స్ ఈ ఊరి కంపెనీయే. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి డబ్బు కాసే ఆన్‌లైన్ ఆటల్ని మూసేసింది, నైపుణ్యం మినహాయింపు కూడా తీసేసింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో అదే దారి పట్టింది. అంటే కంపెనీ ఇక్కడుండి ఊరూరి డబ్బూ ఆడించింది, ఇక్కడివాళ్లకు మాత్రం ఆట చట్టవిరుద్ధం. అయినా గంజ్‌లో ఫోన్లు ఆగలేదు. లొకేషన్‌ని మహారాష్ట్రలో ఉన్నట్టు చూపించే యాప్ ఒకటి దించుకుంటే సరిపోయేది. అలా దొంగచాటుగా ఆడినవాడు మోసపోయానని ఎవరి దగ్గరికి వెళ్లగలడు? లోపలే కుములుతాడు. దానికీ ఓర్పే మందన్నారు.

5. "యాప్ మోసం చేసింది" అనేవాళ్లతో

ఓడినవాళ్లు నన్ను తమ పక్షం అనుకోకముందే ఈ మాట చెప్పెయ్యాలి. పత్తాలు కంప్యూటరే కావాలని అలా వేసిందని, కొత్తగా చేరినప్పుడు గెలిపించి తర్వాత ముంచిందని గంజ్‌లో బల్లగుద్ది చెప్పేవాళ్లున్నారు. మోసాలు జరగలేదని కాదు. అమెరికా వాళ్లు ఆడిన అల్టిమేట్‌బెట్, అబ్సల్యూట్ పోకర్ సైట్లలో లోపలివాళ్లు ఇతరుల పత్తాలు చూస్తూ ఆడినట్టు 2007, 2008లో బయటపడింది. ఆటగాళ్లే పాత ఆటల లెక్కలు తవ్వి పట్టుకున్నారు.

అయినా ఈ వాదం మీద నాకు జాలి లేదు. యాప్ మోసం చేసింది కాబట్టి ఓడానన్నవాడు, మోసం లేని యాప్ దొరికితే గెలుస్తానని లోలోపల నమ్ముతున్నాడు. అందుకే ఒక యాప్ తీసేసి ఇంకోటి దించుకుంటాడు. పైన చేసిన లెక్కలో ఎక్కడా మోసం లేదు. ఆసులు ఓడటానికి 18 శాతం చాలు, జేబు ఖాళీ కావడానికి 5 శాతం చాలు.

6. ఆ చిరాకుని జబ్బు అనకండి

ఓర్పు వాదంలో నాకు అన్నిటికన్నా అభ్యంతరకరమైనది ఇది. ఓడినవాడికి వచ్చే కోపాన్నీ, నిద్ర పట్టకపోవడాన్నీ, కడుపులో తిప్పడాన్నీ ఆటగాడి బలహీనతగా చూపించి, దాన్ని నయం చేసుకుని మళ్లీ రమ్మంటుంది. పెనం మీద పెట్టిన చెయ్యి కాలుతుంటే, మంట తెలియకుండా ఉండే సాధన నేర్పుతారా, చెయ్యి తియ్యమంటారా? వారం జీతం ఒక రాత్రిలో పోతే మనసు కలత పడటం ఆరోగ్య లక్షణం. దాన్ని చంపుకున్నవాడు మంచి ఆటగాడు కాడు, ఎక్కువ పోగొట్టుకునే ఆటగాడవుతాడు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే మానసిక వ్యాధుల గ్రంథం జూద వ్యసనాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. అందులో తొమ్మిది లక్షణాలు ఇచ్చారు, ఏడాదిలో నాలుగు కనిపిస్తే వ్యసనం కింద లెక్క. వాటిలో ఒకటి, పోయింది రాబట్టుకోవడానికి ఇంకో రోజు తిరిగి రావడం. ఇంకొకటి, మనసు బాగాలేనప్పుడు ఆటకి కూర్చోవడం. మరొకటి, ఎంత పోగొట్టుకున్నదీ ఇంట్లో దాచడం. ఇప్పుడు గురువుల సలహా మళ్లీ వినండి. "ఇవాళ్టికి ఆపెయ్, రేపు తాజా మనసుతో వచ్చి రాబట్టుకో." వైద్యుడు వ్యసన లక్షణంగా రాసుకున్నదాన్ని పోకర్ గురువు క్రమశిక్షణగా నేర్పుతున్నాడు.

రేపు రాబట్టుకోవచ్చన్న నమ్మకానికి ఆధారమేమిటంటే, ఇన్నిసార్లు ఓడాక ఇక గెలుపు వంతేనట. 1913లో మాంటెకార్లో జూదగృహంలో రూలెట్ చక్రం మీద నలుపు వరసగా 26 సార్లు పడింది. నలుపు పడ్డకొద్దీ, ఇక ఎరుపు ఖాయమని జనం ఎగబడి ఎరుపు మీద కాశారు, లక్షలు పోగొట్టుకున్నారు. చక్రానికి జ్ఞాపకం లేదు. కలిపిన పత్తాలకీ లేదు. మీరు నిన్న ఎంత ఏడ్చారో వాటికి తెలియదు.

ఆ రేపటికి డబ్బు కావాలి. అది ఎక్కడ దొరుకుతుందో 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల మీద పెట్టిన కేసులప్పుడు ఊరంతా చూసింది. ఐదు నిమిషాల్లో అప్పు, వారంలో వసూలు, కట్టకపోతే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ బూతు సందేశాలు. అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ అప్పులన్నీ పేకాటకే చేశారని అనను. రాత్రి రెండింటికి, బ్యాంకులు మూసి ఉన్న వేళ, ఓడినవాడి చేతిలోనే ఉన్న ఫోన్‌లో అప్పు కూడా సిద్ధంగా ఉందంటున్నాను. అలాంటి వేళ ఊపిరి పీల్చి వదలమనడం సలహా అనిపించుకోదు.

7. నలుడి సంగతి

చదువుకున్నవాళ్లు ఇక్కడ నలుణ్ని తెస్తారు. పాచికల్లో సర్వం పోగొట్టుకున్న నలుడు కుంగిపోకుండా ఓపిక పట్టాడు, ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాడు, రాజ్యం తిరిగి గెలుచుకున్నాడు కదా అని. బాగానే ఉంది. నలుడు ఓడాక ఎన్నేళ్లు పాచికలు ముట్టకుండా ఉన్నాడో చూశారా? బాహుకుడై గుర్రాలు తోలుకుని బతికాడు. విద్య చేతికొచ్చాక పుష్కరుడితో ఒకే ఒక్క పందెం కాశాడు. గెలిచాడు, లేచాడు. టేబుల్ మీద కూర్చుని లాంగ్ రన్ కోసం ఎదురుచూడలేదు, ఆ ఆటలో రేక్ కోసేవాడూ లేడు.

కలియుగపు నలుడు కూడా ఒకడున్నాడు. క్రిస్ మనీమేకర్ అనే అమెరికన్ లెక్కల గుమాస్తా 2003లో 86 డాలర్లు పెట్టి ఆన్‌లైన్ పోటీలో సీటు గెలిచి, లాస్ వేగాస్‌లో ప్రపంచ పోకర్ పోటీలో 25 లక్షల డాలర్లు కొట్టాడు. ఆన్‌లైన్ పోకర్ ప్రపంచమంతా పాకింది ఆ కథతోనే. ఆ పోటీలో 839 మంది ఆడారు. మిగతా 838 మంది పేర్లు చెప్పమంటే ఏ గురువూ చెప్పలేడు. వాళ్లలో శాంతమూర్తులు లేరనుకుంటున్నారా?

8. నిషేధం వచ్చేసిందిగా, ఇంకెందుకీ గొడవ అంటే

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది. డబ్బు కాసే ఆన్‌లైన్ ఆట ఏదైనా, నైపుణ్యమైనా అదృష్టమైనా రెండూ కలిసినా, నడపడం నేరం. నడిపినవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసినవాడికి రెండేళ్లు, యాభై లక్షలు. ఆడినవాడికి శిక్ష లేదు. ఏటా సుమారు 45 కోట్లమంది ₹20,000 కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం తన అంచనాగా చెప్పింది. పెద్ద కంపెనీలు డబ్బు టేబుళ్లు ఎత్తేశాయి. ఏ23 మాతృసంస్థ కర్ణాటక హైకోర్టుకి వెళ్లింది, ఆ తర్వాత ఇలాంటి కేసులన్నిటినీ సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

గంజ్‌లో ఆట మాత్రం వేషం మార్చింది. విదేశీ సైట్లు, టెలిగ్రామ్ గుంపులు, క్లబ్ యాప్‌లు. క్లబ్ యాప్‌లో తెర మీద ఉన్నవి ఉత్తుత్తి చిప్స్. వాటికి రూపాయలు ఇచ్చిపుచ్చుకునేది మధ్యలో ఉన్న ఏజెంట్, యూపీఐలోనో చేతికి చెయ్యిగానో. ఉద్దెర కూడా పెడతాడు. పాత యాప్‌లో రోజుకింతే అన్న హద్దయినా ఉండేది, ఫిర్యాదు రాసుకోవడానికి ఒక చిరునామా ఉండేది. ఇక్కడ ఏజెంట్ ఫోన్ ఎత్తకపోతే అంతే. ఇలాంటి చోట కూడా అదే ఓర్పు పాఠం నడుస్తోంది, ఈసారి చెప్తున్నది స్వయంగా ఆ ఏజెంటే. "టెన్షన్ వద్దు భాయ్, వస్తది, ఆగు."

కాబట్టి నా మాట సూటిగా చెప్తాను. పోకర్‌లో దురదృష్టాన్ని తట్టుకోవడం నేర్చుకోనక్కర్లేదు. తట్టుకోలేకపోతున్నానని తెలిసిన రాత్రే లేచిపోవాలి, మర్నాటికి వాయిదా వెయ్యకుండా. పోయిన డబ్బు పోయిందని ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఒక్కరికైనా చూపించాలి. యూపీఐ కొన్నాళ్లు వాళ్ల చేతిలో పెట్టాలి. చెయ్యి ఆగకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది, అక్కడికెళ్తే పిచ్చివాడంటారన్న భయం ఈ ఊరు ఇంకా వదల్లేదుగాని, అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డాక అనే మాటలకన్నా అది నయం. ఆన్‌లైన్‌లో మోసపోతే సైబర్ నేరాల ఫిర్యాదు నంబర్ 1930 ఉంది.

ఏజెంట్ ఉద్దెర సంగతి వేరుగా చెప్పాలి. పందెం బాకీని కోర్టుకెక్కి వసూలు చేసుకునే హక్కు ఎవరికీ లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెప్తోంది. బ్యాంకులోనో స్నేహితుడి దగ్గరో తెచ్చిన అప్పు అలాంటిది కాదు, అది తీర్చాల్సిందే. ఏజెంట్ రాసుకున్న చిప్స్ లెక్కకి మాత్రం భయపడి కొత్త అప్పు చెయ్యకండి. వాడు దుకాణం ముందుకొచ్చి రాగం తీస్తే, బేగంబజార్ పోలీస్‌స్టేషన్ అక్కడికి దూరమేమీ కాదు. ఆ మెట్లెక్కడానికి మీకన్నా వాడికే భయమెక్కువ.